పాట ఎవరి సొత్తు?

ఒక వస్తువు దొంగతనానికి గురైనదంటే అది యజమాని ఇంట లేకుండా పోయినదని అర్థం. కంచుచెంబు పోతే చెంబుండే చోటు ఖాళీ అవుతుంది. పుస్తకం పోతే బీరువాలో సందు కనబడుతుంది. పాట విషయం అట్లా కాదు. ఒకరి దగ్గరి పాటను వేరొకరు తీసుకున్నా, మొదటివాని దగ్గర అది యథాతథంగానే ఉంటుంది. ఈ విశేషాన్ని ఆధారం చేసుకొని 'పోయినదేమున్నది?' అని వాదించే విద్యార్థి మిత్రులు మన కళాశాలలోనే అనేకులు ఉన్నారు. 'పోయినదంతా మాదే' అని వాదించే కంపెనీలు మరొక ప్రక్కన ఉన్నవి. ఈ రెండు వాదాలలో దేనికీ మేము పూర్తిగా తల ఊపలేకున్నాము. అనుమతి లేకుండా ఇంటర్నెట్ నుండి పాటలు దించుకొనుట వలన సంగీత వ్యాపారానికి నష్టం కలిగినదా అంటే, నిస్సందేహంగా కలిగినది. అయితే ఆ నష్టం ఎవరికి తగిలినది, ఎవరికి తగలలేదు అని విచారించినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

పాటకు నకలు తీయుట ఇంటర్నెట్‌తో పుట్టిన విద్య కాదు. గ్రామఫోను రికార్డుకు ఇంట్లో నకలు తీసే వీలు లేదు. టేపు వచ్చిన తర్వాత వీలు కలిగింది గాని, ఒక క్యాసెట్టు నుండి ఇంకొక దానికి, దాని నుండి మరొక దానికి ఎక్కించేకొద్దీ పాట పలచబడేది. నాలుగో చేతికి చేరేసరికి గాయకుని కంఠం కంటె టేపు బుసే ఎక్కువగా వినిపించేది. ఆ లోపమే కంపెనీల పాలిట కావలివాడు. 1982లో విక్రయానికి వచ్చిన కాంపాక్టు డిస్కు ఆ కావలివానిని ఇంటికి పంపివేసింది. డిస్కులో పాట అంకెల రూపంలో ఉంటుంది. అంకెలను ఎన్నిసార్లు ఎత్తి వ్రాసినా అవి అంకెలే. దానికి తాళం వేయవలెనన్న ఆలోచన ఆనాడు కంపెనీలకు కలుగలేదు. ఇంటింటా కంప్యూటరు వస్తుందని ఎవరు ఊహించారు? అయినప్పటికీ ఒక్కొక్క పాటకు పట్టే అంకెల మూట చాలా పెద్దది. టెలిఫోను తీగ మీద దానిని పంపుట సామాన్యమైన పని కాదు. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు, మనిషి చెవి గుర్తించలేని ధ్వనులను వదలివేసి, మిగిలిన దానిని కుదించి, ఆ మూటను సుమారు పదకొండో వంతుకు తగ్గించారు. 1995లో దానికి ఎంపీ3 అన్న పేరు స్థిరపడింది. దొంగలకు దారి చూపుట వారి ఉద్దేశం కాదు గాని, దారి మాత్రం పడిపోయింది.

ఆ దారి మీద బండి నడిపినవాడు పద్దెనిమిదేండ్ల యువకుడు. అమెరికాలోని బోస్టన్ నగరంలో నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో చదువు మొదలుపెట్టి మానుకొన్న షాన్ ఫానింగ్, 1999 జూన్‌లో నాప్‌స్టర్ అను ప్రోగ్రామును విడుదల చేశాడు. నాప్‌స్టర్ తన దగ్గర ఒక్క పాటనూ దాచుకొనలేదు. ఎవరి కంప్యూటరులో ఏ పాట ఉన్నదో తెలిపే పట్టిక మాత్రమే దాని దగ్గర ఉండేది. పాట కావలసినవారు ఆ పట్టిక చూచి, నేరుగా అవతలివారి కంప్యూటరు నుండి తెచ్చుకొనేవారు. ముఖపరిచయం లేని లక్షలాది మంది ఒకరి బీరువాలు ఒకరికి తెరచి పెట్టుకొన్నట్లయినది. వీరిలో అధికభాగం కళాశాల విద్యార్థులే. ఎందుకనగా ఆ రోజులలో వేగవంతమైన ఇంటర్నెట్ వసతిగృహాలలోనే దొరికేది. పాటల రాకపోకలతో విశ్వవిద్యాలయాల తీగలు క్రిక్కిరిసి, పరిశోధనలకు చోటు లేకపోవుటచే కొన్ని విద్యాసంస్థలు నాప్‌స్టర్‌ను తామే నిషేధించినవి.

మన కమిటీవారు ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. 2000 ఏప్రిల్‌లో మెటాలికా అను రాక్ సంగీత బృందం దావా వేసినప్పుడు, నాప్‌స్టర్‌తో పాటు యేల్, ఇండియానా, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలను కూడా ప్రతివాదులుగా చేర్చింది. యేల్, ఇండియానా వెంటనే తమ ప్రాంగణాలలో నాప్‌స్టర్‌ను అడ్డుకొని వ్యాజ్యం నుండి బయటపడినవి. విద్యార్థి చేసిన పనికి విద్యాలయం కోర్టు మెట్లెక్కవలసి రావచ్చునని అప్పుడే లోకానికి తెలిసింది. అమెరికా రికార్డింగు కంపెనీల సంఘం 1999 డిసెంబరులోనే వేరుగా దావా వేసి ఉన్నది. 2001 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు కంపెనీల పక్షాన తీర్పు చెప్పగా, జూలైలో నాప్‌స్టర్ మూతపడింది. కాని చీమల పుట్టను కాలితో చిదిమితే చీమలు పోవునా? ఆ ఒక్క పట్టిక కూడా అవసరం లేని కొత్త పద్ధతులు వెంటనే పుట్టుకొచ్చినవి.

తర్వాత కంపెనీలు చేసిన పనిని మేము ఎంతమాత్రమూ సమర్థించలేము. 2003 సెప్టెంబరులో 261 మంది శ్రోతలపై వ్యక్తిగతంగా దావాలు వేసినారు. వారిలో న్యూయార్కులోని పన్నెండేండ్ల బాలిక ఒకతె. రెండువేల డాలర్లు చెల్లించి ఆ కుటుంబం రాజీపడినది. ఐదేండ్లలో దావాల లక్ష్యమైనవారి సంఖ్య ముప్పై అయిదు వేల దాకా చేరింది. ఇరవైనాలుగు పాటలకు గాను మిన్నెసోటాకు చెందిన ఒక మహిళ 2,22,000 డాలర్లు చెల్లించవలెనని 2012లో అప్పీలు కోర్టు నిర్ణయించింది. పాట ఒక్కింటికి తొమ్మిదివేల డాలర్ల పైమాట! న్యాయం పేరిట ఇంత కఠినత్వం చూపిన తర్వాత కూడా డౌన్‌లోడ్లు ఆగలేదు. 2008 డిసెంబరులో కంపెనీలే ఈ మార్గాన్ని విరమించుకొన్నవి.

నష్టం లెక్క చూద్దాము. అమెరికాలో రికార్డింగు సంగీతపు రాబడి 1999లో సుమారు 1,460 కోట్ల డాలర్లు. 2014 నాటికి అది 670 కోట్ల ప్రాంతానికి, అనగా సగానికి తక్కువగా పడిపోయింది. పదిహేనేండ్లలో పెరిగిన ధరలను కూడా లెక్కించిన యెడల పతనం ఇంకను పెద్దది. ఇదంతా దొంగ డౌన్‌లోడ్ల పుణ్యమేనా? ఆర్థిక శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నపై ఏకాభిప్రాయానికి రాలేదు. అమ్మకాలపై ప్రభావం దాదాపు శూన్యమని ఓబర్‌హోల్జర్-గీ, స్ట్రంఫ్ అనువారు 2007లో ప్రకటించగా, పతనానికి అదే ముఖ్య కారణమని లీబోవిట్స్ వంటివారు ఖండించారు. మా మటుకు మాకు లీబోవిట్స్ వాదమే సత్యానికి దగ్గరగా తోస్తున్నది. ఉచితంగా దొరికే వస్తువును కొనేవారు తగ్గుట సహజం. కాని కంపెనీలు నిష్కళంకమైనవి కావు. ఒక్క పాట నచ్చితే పన్నెండు పాటల డిస్కు మొత్తం కొనక తప్పని స్థితి కల్పించినవారు వారే. దుకాణదారులు ధర తగ్గించి ప్రకటించకుండా అయిదు పెద్ద కంపెనీలు కట్టడి చేసినవని, తద్వారా కొనుగోలుదారులపై మూడేండ్లలో సుమారు 48 కోట్ల డాలర్ల అదనపు భారం పడినదని 2000లో అమెరికా ప్రభుత్వపు వాణిజ్య కమిషనే అంచనా కట్టింది. 2003 ఏప్రిల్‌లో ఆపిల్ కంపెనీ పాట ఒక్కింటికి 99 సెంట్ల చొప్పున విడివిడిగా అమ్మజూపగా, మొదటి వారంలోనే పది లక్షల పాటలు అమ్ముడైనవి. జనం డబ్బు ఇవ్వనే ఇవ్వరన్న మాట నిజం కాదు. వారు అడిగినది ఒక్క పాట. అంగట్లో దొరికినది పన్నెండు.

ఈ పోరాటంలో నేలకూలినవారు ఎవరు? పేరుమోసిన గాయకులు కారు. వారికి సభలున్నవి, ప్రకటనలున్నవి. కూలినది అంగడి. 1960లో కాలిఫోర్నియాలో మొదలైన టవర్ రికార్డ్స్ అమెరికాలోని తన దుకాణాలన్నీ 2006 చివర మూసివేసింది. కుక్క బొమ్మతో మన తాతల కాలం నుండి పరిచయమున్న హెచ్.ఎం.వి. పేరు గల బ్రిటన్ దుకాణాలు 2013 జనవరిలో దివాలా ప్రక్రియ పాలైనవి. 'ఈ పాట విన్నారా? అయితే ఇదీ వినండి' అని చెప్పగల దుకాణపు మనిషి ఉద్యోగం పోయింది. ఆ మనిషిని గురించి ఏ కోర్టులోనూ ఎవరూ వాదించలేదు.

మన దేశంలో ఈ కథ వేరు విధంగా నడిచింది. ఇక్కడ దొంగ ఇంటర్నెట్ కంటె ఇరవై ఏండ్లు ముందుగానే వచ్చాడు. 1970 దశకం చివర నుండి గల్ఫ్ దేశాలకు కూలికి వెళ్ళిన మన హైదరాబాదు, కరీంనగరు ప్రాంతాల వారు తిరిగి వచ్చేటప్పుడు టేప్‌రికార్డర్లు చేతబట్టుకొని వచ్చేవారు. ఇంట్లో యంత్రమున్నది, యంత్రంలో వేయుటకు క్యాసెట్టు కావలె. అసలు క్యాసెట్టు ఖరీదు ఎక్కువ, దొరుకుట తక్కువ. కాబట్టి వీధివీధినా రికార్డింగు సెంటర్లు వెలసినవి. కావలసిన పాటల జాబితా ఒక కాగితంపై వ్రాసి, ఖాళీ క్యాసెట్టుతో సహా అందిస్తే, రెండు రోజులలో పాటలు ఎక్కించి ఇచ్చేవారు. ఒక ప్రక్క రఫీ, మరొక ప్రక్క ఘంటసాల! ఇది చట్టవిరుద్ధమని ఇచ్చేవారికీ తోచలేదు, పుచ్చుకొనేవారికీ తోచలేదు. 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి, శిక్షను మూడేండ్ల జైలు వరకు, జరిమానాను రెండు లక్షల వరకు పెంచినారు. సెంటర్లు మాత్రం యథాప్రకారం నడిచినవి. పిమ్మట కాలిబాటల మీద ఒక్క డిస్కులో వంద పాటల ఎంపీ3లు వచ్చినవి. ఆ తర్వాత సెల్‌ఫోను దుకాణంలో గోరంత మెమొరీ కార్డు ఇచ్చి, కొద్ది రూపాయలకు దాని నిండా పాటలు నింపించుకొనే రోజులు వచ్చినవి. అమెరికాలో విద్యార్థి తన గదిలో తాను చేసిన పనిని ఇక్కడ ఒక దుకాణదారుడు ఊరందరి పక్షాన చేసిపెట్టాడన్నమాట. 2012 మార్చిలో కలకత్తా హైకోర్టు 104 వెబ్‌సైట్లను అడ్డుకొనుమని ఆదేశించునప్పటికి ఆ కార్డులు పల్లెపల్లెకూ చేరిపోయినవి. ఇంతలో ఒక విచిత్రం. పాటకు పైసా ఇవ్వని యువకుడే, తనకు ఫోను చేసినవారు అర నిమిషం వినుట కొరకు కాలర్ ట్యూన్‌కు నెలనెలా ముప్పై రూపాయలు చెల్లించినాడు. ఫోను కంపెనీ ఆ సొమ్మును అడగలేదు, కోసుకొన్నది, అదీ తేడా.

ఇక అసలు ప్రశ్న. ఆ దొంగ పాటను ఎవరి ఇంటి నుండి ఎత్తుకొనిపోయాడు? వ్రాసిన కవి ఇంటి నుండా, బాణీ కట్టినవాని ఇంటి నుండా, పాడినవాని ఇంటి నుండా? సినిమా పాటల విషయంలో ఈ ముగ్గురి ఇళ్ళలోనూ అది అప్పటికే లేదు. నిర్మాత సొమ్మిచ్చి చేయించుకొన్న పాటకు, వేరు ఒప్పందం లేని యెడల, నిర్మాతయే తొలి హక్కుదారు అని 1977లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. గాయకునికి చట్టంలో చోటే లేకపోవుటను జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పులోనే ప్రత్యేకంగా ఎత్తిచూపారు. ఆ చోటు 1994 సవరణతో గాని దొరకలేదు. 1960 దశకం తొలి సంవత్సరాలలో లతా మంగేష్కర్ గాయకులకు కూడా రాయల్టీ కావలెనని కోరగా, పాడి పారితోషికం తీసుకొన్న తర్వాత ఇంకేమి హక్కు అని మహమ్మద్ రఫీ భావించారు. ఆ భేదం వలన కొన్నేండ్లు వారిరువురూ కలిసి పాడలేదు. రఫీ సాహెబు కంఠం ముందు మేము ఎల్లప్పుడూ తలవంచుతాము. కాని ఈ విషయంలో లతాజీదే సరియైన చూపు. మహాగాయకునికి పారితోషికం చాలును. కోరస్‌లో పాడినవానికి, వయొలిన్ వాయించినవానికి, ఒక్క పాటతో మెరిసి మరుగైన కవికి అది చాలదు.

ఈ దురవస్థను సరిదిద్దుటకు 2012 వరకు ఆగవలసి వచ్చింది. రాజ్యసభ సభ్యుడుగా ఉర్దూ కవి జావేద్ అఖ్తర్ పోరాడిన ఫలితంగా కాపీరైటు చట్టం సవరింపబడి, సినిమాహాలులో ప్రదర్శన మినహా మిగిలిన ప్రతి వినియోగంలోనూ కవికి, స్వరకర్తకు సమాన వాటా లభించింది. ఈ వాటాను తమ వారసులకు, తమ హక్కుల సంఘానికి తప్ప మరెవ్వరికీ వ్రాసి ఇచ్చుటకు వీలు లేదు. అవసరంలో ఉన్న కవి చేత సంతకం పెట్టించుకొనుట ఇకమీద చెల్లదు. 2017లో ఇళయరాజాగారు తన పాటలను అనుమతి లేకుండా సభలలో పాడరాదని, విదేశాలలో పర్యటిస్తున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారికి నోటీసు పంపినప్పుడు తెలుగువారు చాలామంది నొచ్చుకొన్నారు. స్నేహధర్మం మాట అట్లుంచగా, పాట ఎవరిదన్న ప్రశ్నను ఆ ఒక్క నోటీసు ఇంటింటికీ చేర్చింది.

కాబట్టి 2012కు ముందు తెలుగు సినిమా పాటను దొంగతనంగా దించుకొన్న విద్యార్థి, సాధారణంగా, కవి జేబులో నేరుగా చేయిపెట్టలేదు. ఆ జేబులోనిది ముందుగానే వేరొకరికి చేరింది. క్యాసెట్ల అమ్మకం పడిపోతే ఆడియో హక్కులకు కంపెనీ ఇచ్చే మొత్తం తగ్గుతుంది, ఆ తగ్గుదల చివరకు అందరికీ పాకుతుంది, నిజమే. అయినను సినిమాకు టిక్కెట్టు రాబడి ఉన్నది. పాట ఉచితంగా పోయినా అది సినిమాకు ప్రచారమై తిరిగి వస్తుంది. అందుచేతనే నేడు నిర్మాతలే పాటలను ఒక్కొక్కటిగా యూట్యూబులో ముందుగా విడుదల చేస్తున్నారు.

సినిమా నీడ లేని సంగీతం గతి ఏమిటి? ఖవ్వాలీ, గజల్, జానపదం, హరికథ, లలితగీతాలు — వీటిని పాడేవారికి ఉన్న ఆధారాలు రెండే: సభలో ఇచ్చే పారితోషికం, క్యాసెట్టుపై వచ్చే పైకం. హైదరాబాదు ఖవ్వాలీ అనగానే అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీని, గజల్ అనగానే విఠల్‌రావును తలచుకొనే శ్రోతలు నేటికీ మన ఇళ్ళలో ఉన్నారు. అటువంటి సంగీతానికి క్యాసెట్టు యుగం కొంత ఊపిరి పోసింది. కొద్ది పెట్టుబడితో చిన్న కంపెనీ వేయిన్నూట పదహారు క్యాసెట్లు తీసి అమ్ముకొన్నా గిట్టుబాటు అయ్యేది. ఆ వేయిలో సగం నకళ్ళకు పోతే కంపెనీ రెండవ క్యాసెట్టు తీయదు. పెద్ద చెట్టు కొమ్మలు విరిగినా బ్రతుకుతుంది, మొలకను మేక ఒక్కసారి కొరికితే చాలు. డౌన్‌లోడ్ వలన జరిగిన అసలైన అపకారం ఇదేనని మా అభిప్రాయం. ఇది ఏ రాబడి పట్టికలోనూ కనబడదు. ఎందుకనగా తీయని క్యాసెట్టుకు లెక్క ఉండదు.

వ్యాపారం మాత్రం మళ్ళీ లేచి నిలబడింది. 2024లో ప్రపంచ రికార్డింగు సంగీతపు రాబడి 2,960 కోట్ల డాలర్లు. అందులో 69 శాతం స్ట్రీమింగ్ ద్వారా, అనగా పాటను దించుకొనకుండా వినుట ద్వారా వచ్చినదే. దొంగను ఓడించినది పోలీసు కాదు, సౌకర్యం. కాని ఈ కొత్త ఏర్పాటులో చందాదారు ఇచ్చిన సొమ్ము, అతడు విన్న గాయకునికే నేరుగా పోదు. అందరి సొమ్మూ ఒక రాశిగా పోసి, మొత్తం వినికిడిలో ఎవరి వాటా ఎంతయో అంత పంచుతారు. నెలంతా ఖవ్వాలీ మాత్రమే వినేవాని చందాలో అధికభాగం ఏదో సినిమా పాటకు చేరుతుందన్నమాట. పైగా 2024 నుండి స్పాటిఫై సంస్థలో గడచిన పన్నెండు నెలలలో వేయిసార్లు కూడా వినబడని పాటకు ఆ రికార్డింగు రాయల్టీయే లేదు. నాడు మొలకను కొరికినది మేక. నేడు తోటమాలియే 'చిన్న మొక్కకు నీరు దండుగ' అంటున్నాడు. తెలంగాణ జానపదులు యూట్యూబులో సొంత చానళ్ళు పెట్టి లక్షలాది శ్రోతలను సంపాదించుట ఈ చీకటిలో ఒక వెలుగు. కాని అందరికీ ఆ మెలకువ లేదు.

'పేద విద్యార్థి పాట వినకూడదా?' అను ప్రశ్నకు ఒకప్పుడు బలముండేది. నేడు ప్రకటనలు భరించగలిగితే చట్టబద్ధంగానే ఉచితంగా వినవచ్చును. మన దేశంలో అత్యధికులు వింటున్నది అట్లే. రేడియో ఎప్పుడూ ఉన్నది. ఆ సాకు ఇకమీద నిలువదు.

కాగా మన ప్రాంగణంలో మిగిలియున్న దొంగతనం డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. వార్షికోత్సవంలో విద్యార్థులు సినిమా పాటకు నృత్యం చేయుట తప్పని కొందరు అధ్యాపకులు భయపడుతున్నారు. ఆ భయం అనవసరం. ప్రేక్షకులు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధమున్నవారికే పరిమితమైన యెడల కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను దానికి మినహాయింపు ఇచ్చింది. కాని ముషాయిరాకో, గజల్ సభకో మనం ఆహ్వానించిన కళాకారుడు పాడుచుండగా, ముందు వరుసల నుండి ఇరవై సెల్‌ఫోన్లు లేచి, సభ ముగియకముందే ఆ పాట ఇంటర్నెట్‌కు ఎక్కుట అన్నది వేరు సంగతి. ఆ గాయకుని గానాన్ని అతని అనుమతి లేకుండా రికార్డు చేసి లోకానికి పంచుటకు మనకు హక్కు లేదు. మరుసటి ఊరివారు 'మీ పాటలు ఫోనులో ఉన్నవిగదా' అని అతని పారితోషికం తగ్గించి అడిగితే ఆ తగ్గిన సొమ్ము మనం తీసుకొన్నదే.

కావున కమిటీ పెద్దలకు మా మనవి ఇది. ఇకపై కళాకారులను పిలిచేటప్పుడు పంపే ఉత్తరంలో రెండు పంక్తులు చేర్చవలెను: కార్యక్రమాన్ని రికార్డు చేయుటకు వారు సమ్మతింతురా, సమ్మతించిన యెడల దానికి ప్రత్యేకంగా ఎంత కోరెదరు అని. సమ్మతి లేనప్పుడు ఫోన్లు జేబులలోనే ఉండవలెనని సభారంభంలో ఉర్దూలోను, తెలుగులోను ప్రకటించవలెను. సమ్మతితో చేసిన రికార్డింగులను గ్రంథాలయంలో భద్రపరచి విద్యార్థులకు వినిపించవలెను. ఇందుకు కావలసిన సొమ్ము వార్షికోత్సవపు పూలదండల ఖర్చు కంటె ఎక్కువ కాబోదు.